రాయల కాలంలో మనం ఎక్కడ దిగుతాం?



పోయిన వారం హాస్టళ్ళ మీద రాశాను. ఈ వారం సినిమా. తిట్టదలుచుకున్నవాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి.

"ఆదిత్య 369" పేరెత్తితే తెలుగువాళ్ళలో పార్టీ భేదం ఉండదు. తెలంగాణ, ఆంధ్ర తేడా ఉండదు. ఏప్రిల్ 4న 4కేలో మళ్ళీ విడుదలైనప్పుడు చూశాను, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎవరిని కదిలించినా నాలుగైదు మాటలే. "ఇండియాలో మొదటి టైం ట్రావెల్ సినిమా అన్నా." "కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజుల్లో అట్లా తీసిండంటే సింగీతం మామూలోడు కాదు." "ఇళయరాజా పాటలు ఇప్పటికీ కొత్తగా ఉంటయ్." "బాలయ్య రాయలుగా దిగితే దండం పెట్టాలనిపిస్తది." కాస్త చదువుకున్న కుర్రాళ్ళయితే హెచ్.జి. వెల్స్ పేరు కూడా చెబుతారు. ఇంకో మాట కూడా తప్పకుండా వస్తుంది: "టైం మెషీన్ దొరికితే నేను ఫస్ట్ రాయల కాలానికే పోతా."

మొదటి నాలుగు మాటలతో నాకు పేచీ లేదు. నాకూ ఆ సినిమా ఇష్టమే. టిన్నూ ఆనంద్ చేసిన ఆ పిచ్చి ప్రొఫెసర్ రాందాస్ లాంటి మేనమామ ఉంటే బాగుండునని చిన్నప్పుడు అనుకున్నవాణ్ణే. నా పేచీ ఆ చివరి మాటతో. ఆ మాట అనడానికి ఎవరికి వీలుంది? ఎవరికి లేదు? ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ సినిమా మీద ఇన్ని అభిప్రాయాలు విన్నాను గానీ, ఈ ప్రశ్న అడిగినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు.

కథ అందరికీ తెలిసిందే. మెషీన్ 1526లో దిగుతుంది. విజయనగరం. శ్రీకృష్ణదేవరాయల కొలువు. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడు, సిల్క్ స్మిత రాజనర్తకి. మన కాలం నుంచి వెళ్ళిన హీరో ఆ ఊళ్ళో తిరుగుతాడు, కవిని కలుస్తాడు, రాజు ముందు నిలబడతాడు. ఆపదలూ వస్తాయి. అయితే ఆ ఆపదలు వజ్రం చుట్టూ తిరుగుతాయి, పుట్టుక చుట్టూ కాదు. రాజు ముందుకు పోవడానికి వాడి పుట్టుక అడ్డం రాదు. పదహారో శతాబ్దపు హిందూ రాజ్యంలో ఊరూ పేరూ తెలియని మనిషి దిగితే అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఏది? అది 1526 దాకా పోయి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. 2025లో చైతన్యపురిలో ఇల్లు అద్దెకు వెతుక్కోండి, చాలు.

నాకు పోయిన ఏడాది అయింది. టూ లెట్ బోర్డు చూసి పోయాను. రెండు గదులు, బాల్కనీ, మంజీర నీళ్ళు. ఓనరమ్మ మంచి మనిషిలాగే ఉంది, మంచినీళ్ళు కూడా ఇచ్చింది. ఉద్యోగం అడిగింది, పిల్లలెందరని అడిగింది. తర్వాత, "ఇంతకీ మీరేమిటోళ్ళు?" అంది. చెప్పాను. గ్లాసు చేతిలో ఉండగానే ఆ ఇల్లు మా మరిదికి మాటిచ్చామని గుర్తొచ్చింది ఆమెకు. మూడు వారాల తర్వాత కూడా బోర్డు అక్కడే వేలాడుతోంది. మరిది ఇంకా దిగినట్టు లేడు.

ప్రొఫెసర్ రాందాస్ అంత కష్టపడి యంత్రం కట్టాడు గానీ, మన దగ్గర కాలంలో వెనక్కి పోవడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. నేను ఆ మెట్లు ఎక్కింది ఈ శతాబ్దంలోనే. దిగింది ఏ శతాబ్దంలోకో మీరే లెక్క వేసుకోండి.

"సినిమాను సినిమాలాగా చూడన్నా, అన్నిట్లో కులమేనా?" అంటారని తెలుసు. సరే, సినిమాలాగే చూద్దాం. సినిమా థియేటర్ నుంచే మొదలుపెడదాం.

ఆదిత్య 369 మొదటిసారి విడుదలైంది 1991 జూలై 18న. అదే జూలై మొదట్లో గుంటూరు జిల్లా చుండూరులో ఒక సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకుల యువకుడికి తగిలింది. డిగ్రీ చదువుకున్న కుర్రాడు. కాలు తగలడం! టికెట్ కొనుక్కుని, చీకట్లో కూర్చుని, తెర మీదకు చూస్తున్న మనిషి కాలు. అక్కడ రాజుకుంది. తర్వాత కొట్లాటలు, దళితుల మీద సాంఘిక బహిష్కరణ, పనుల్లోకి పిలవకపోవడం. ఆగస్టు 6న, పోలీసులు ఊళ్ళో ఉండగానే, తరిమి తరిమి ఎనిమిది మందిని నరికారు. గోనెసంచుల్లో కుక్కి నీళ్ళలో పడేశారు. మన అభిమాన సినిమా విడుదలైన పంతొమ్మిదో రోజు అది.

చుండూరు ఎక్కడుందో తెలుసు కదా? తెనాలి పక్కన. సినిమాలో మెషీన్ నాలుగు వందల అరవై ఐదేళ్ళు వెనక్కి పోయి తెనాలి రామకృష్ణుణ్ణి కలిసి నవ్వుకుంటున్న నెలలోనే, తెనాలికి కూతవేటు దూరంలో సినిమా చూడ్డానికి పోయినవాడి కాలు నేరమైంది. సినిమా తీసినవాళ్ళు దీనికి బాధ్యులని నేననడం లేదు. అంత తెలివి తక్కువ వాదన నాకక్కర్లేదు. 1991ని తలుచుకుని "ఆ రోజులే వేరు, హాల్లో అందరం కలిసి ఈలలేసినం" అని కళ్ళు చెమర్చేవాళ్ళతో నా మాట. ఆ "అందరం"లో ఎవరున్నారు బ్రదర్? మావాళ్ళు ఈల వేయడానికి ముందు కాళ్ళెక్కడ పెట్టుకోవాలో చూసుకున్నారు.

ఆ కేసు సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయినవాళ్ళను ఊరి నడుమ పూడ్చి ఆ చోటును రక్తక్షేత్రమని పిలుచుకుంటున్నారు. కాలంలోకి ప్రయాణం చేయాలనుకునేవాళ్ళకు రైలు టికెట్ చాలు, పోయి చూసి రండి.

ఇక రాయల దగ్గరికి వద్దాం. "ఆ కాలాన్ని ఈ కాలపు కళ్ళద్దాలతో చూడొద్దు" అనేది రెండో వాదన. నా కళ్ళద్దాలు తీసేస్తాను. రాయల కళ్ళతోనే చూద్దాం. ఆయన రాసిన ఆముక్తమాల్యదలో ఆరో ఆశ్వాసం తీయండి. అందులో మాలదాసరి కథ ఉంది. రాజు కలం నుంచే వచ్చింది, నేను కల్పించలేదు. కురుంగుడి గుడికి రోజూ తెల్లవారుజామున నడిచి వచ్చి, దేవుడి మీద పాట పాడి పోయే మాల భక్తుడు. ఎక్కడ నిలబడి పాడతాడు? గుడి బయట. ఒక రాత్రి పొద్దు తెలియక ముందే బయలుదేరి, దారి తప్పి, బ్రహ్మరాక్షసుడి చేతికి చిక్కుతాడు. "నన్ను తినాలంటే తిను, ముందు పోయి నా పాట పాడి వస్తా" అని మాటిచ్చి, పాడి, మళ్ళీ చావడానికి తిరిగొస్తాడు. అప్పుడా రాక్షసుడు, పోయిన జన్మలో బ్రాహ్మణుడైన రాక్షసుడు, ఆ పాట ఫలం ధారపోయమని మాలవాణ్ణి బతిమాలుకుంటాడు.

ఎంత గొప్ప కథ! మాట మీద నిలబడ్డ మనిషి ఎవరు, కాళ్ళబేరానికి వచ్చింది ఎవరు? అయిదు వందల ఏళ్ళ కిందటి రాజు ఊహ అక్కడిదాకా పోయింది. కానీ ఆ ఊహ కూడా గడప దాటలేదు. మాలదాసరి పాట రాక్షసుణ్ణి బ్రాహ్మణుణ్ణి చేసింది గానీ మాలదాసరిని గుడి లోపలికి తీసుకుపోలేదు. రాయలకు ఆ మనిషి కనిపించాడు, ఆ దూరమూ కనిపించింది. 1991లో రాయల కాలాన్ని మళ్ళీ కట్టిన మనవాళ్ళకు రాజు కనిపించాడు, కవి, నర్తకి, వజ్రం కనిపించారు. రాజు స్వయంగా రాసిపెట్టిన మాలదాసరి కనిపించలేదు. ఏది చరిత్ర, ఏది కళ్ళద్దాలు?

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ సినిమాలో కొలువు పాటలకు బాణీలు కట్టిన ఇళయరాజా తేని జిల్లా పణ్ణైపురంలో దళిత కుటుంబంలో పుట్టినవాడు. ఆయన ఆ గుర్తింపు గురించి మాట్లాడడం ఇష్టపడడు, అది ఆయన హక్కు. ఆముక్తమాల్యద కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో, గోదాదేవి ఊళ్ళో. 2024 డిసెంబర్‌లో అదే శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ గుడిలో ఇళయరాజా అర్ధమండపం గడప దగ్గర ఆగి, వెనక్కి జరిగి, బయట నిలబడి మర్యాదలు అందుకున్న వీడియో మనమంతా చూశాం. అర్చకులు తప్ప ఎవరూ లోపలికి రారని, ఇది నియమమని ఆలయ యంత్రాంగం చెప్పింది. లేని పుకార్లు పుట్టిస్తున్నారని, తన ఆత్మగౌరవం వదులుకునే మనిషిని కానని ఇళయరాజా కూడా చెప్పాడు. ఆయన మాట ఆయనది, దాన్ని నేను దాటను. నేను అడిగేది నియమం గురించి. అర్చకుడు ఎవరి కడుపున పుట్టాలో కూడా ఆ నియమాల్లోనే ఉంది కదా? బయట నిలబడి పాడే మనిషి, లోపలికి పోయే పాట. రాయలు రాసింది ఇదే. నాలుగు నెలలు తిరక్కుండానే మనం 4కేలో ఈలలేస్తూ చూసిందీ ఇదే.

వెల్స్ సంగతి. సింగీతం గారు చదువుకునే రోజుల్లో "టైం మెషీన్" నవల చదివి ముచ్చటపడ్డానని చాలాసార్లు చెప్పారు. 1895 నాటి నవల అది. అందులో యంత్రం 8,02,701వ సంవత్సరానికి పోతుంది. అక్కడ మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. పైన ఎండలో ఆడుకుంటూ పళ్ళు తినే ఈలోయ్‌లు. కింద చీకట్లో యంత్రాలు తిప్పే మోర్లాక్‌లు. తరతరాలుగా కార్మికులను కిందికి తోసీ తోసీ చివరికి వాళ్ళను వేరే ప్రాణిగా మార్చేశారని ఆ ప్రయాణికుడు ఊహిస్తాడు. వెల్స్‌కు యంత్రం ఒక సాకు. వాడి మనసంతా ఆ కింద ఉన్నవాళ్ళ మీదే. (వాళ్ళను రాక్షసుల్లా చూపించాడని మోర్లాక్‌ల తరఫున వెల్స్ మీదా నాకు కోపం ఉంది. అది ఇంకో రోజు.)

మనవాళ్ళు యంత్రాన్ని దిగుమతి చేసుకున్నారు, ప్రశ్నను రేవులోనే వదిలేశారు. విచిత్రం ఏంటంటే ఆదిత్య 369లో కూడా భవిష్యత్తు నేల కిందే ఉంటుంది. 2504. మూడో ప్రపంచయుద్ధం అయిపోయి, రేడియేషన్‌తో పైన బతకలేక జనం భూగర్భంలో ఉంటారు. వెల్స్ కిందికి పంపింది కూలీలను. మన సినిమా కిందికి పంపింది అందరినీ. అందరూ కిందే ఉంటే పైకీ కిందకీ తేడా పోయిందని ప్రేక్షకుడు అనుకుంటాడు. కానీ భూగర్భ నగరంలో కూడా మనుషులు తింటారు కదా? తిన్నవాళ్ళు దొడ్డికి పోతారు కదా? ఆ గొట్టాలు ఎవరు కడుగుతారు?

ఎల్బీనగర్‌లో ఉండి ఈ ప్రశ్న అడక్కుండా ఎట్లా ఉంటాను. 2021 ఆగస్టు మొదటి వారం. వనస్థలిపురం పక్కన సాహెబ్‌నగర్. రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దింపిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు పైకి రాలేదు. ఒకరు పడిపోతే, ఆ మనిషి కోసం ఇంకొకరు దిగారు. రెండో మనిషి శవం వెంటనే దొరకలేదు కూడా, కాలనీ కింద గొట్టాల్లో వెతకాల్సి వచ్చింది. పైన స్ట్రీట్ లైట్లు, అపార్ట్‌మెంట్లు, కొద్ది దూరంలో మెట్రో. కింద మనిషి. వెల్స్ లండన్‌లో కూర్చుని ఎనిమిది లక్షల ఏళ్ళు ముందుకు ఊహించినదాన్ని మనం రింగ్‌రోడ్డు పక్కన ఇప్పటికే కట్టేసుకున్నాం.

చట్టం లేదా అంటే ఉంది. 2013లో వచ్చింది, మనుషులను ఇట్లా దింపడం నేరమంది. 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో 30 లక్షలు చేసింది. ఈ పోరాటాన్ని దేశమంతా తిప్పినవాడు బెజవాడ విల్సన్, కోలార్ బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవాడు. పరిహారం పెరిగింది. మూత తీసి దిగే చేతులు మారలేదు. ప్రభుత్వమే లెక్క తీస్తే మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకుల పనివాళ్ళలో దాదాపు 69 శాతం ఎస్సీలని తేలింది. 2504 దాకా ఈ శాతం ఎట్లా సున్నా అయిందో ఏ ప్రొఫెసరూ చెప్పడు. సినిమాలో ప్రపంచయుద్ధం వస్తుంది, బాంబులు పడతాయి, భూమి కాలిపోతుంది. కుల నిర్మూలన మాత్రం ఎవరూ చేయకుండానే, ఏ సన్నివేశమూ లేకుండానే, రెండు రీళ్ళ మధ్య జరిగిపోతుంది!

బయటి దేశంలో ఈ కథను మనలాంటివాళ్ళు రాస్తే ఎట్లా ఉంటుందో చూడాలంటే ఆక్టేవియా బట్లర్ "కిండ్రెడ్" చదవండి. 1979లో వచ్చింది. 1976లో లాస్ ఏంజెల్స్‌లో ఉన్న నల్లజాతి రచయిత్రి డానా ఉన్నట్టుండి బానిసత్వం నాటి మేరీలాండ్‌లో తేలుతుంది. ఆమెకు రాజదర్శనం ఉండదు, కవిసమ్మేళనం ఉండదు. దిగగానే ఆమె ఒంటి రంగే ఆమె కాగితం. ఎవడి సొత్తువి అని అడుగుతారు. చివరికి తిరిగొచ్చేటప్పుడు ఒక చెయ్యి అక్కడే పోగొట్టుకుని వస్తుంది. టైం ట్రావెల్ అంటే ఎవరికి విహారం, ఎవరికి గాయం అనేది ఆ ఒక్క చెయ్యి చెబుతుంది. అంతదాకా ఎందుకు, మన జాషువా 1941లోనే గబ్బిలాన్ని ఎగరేశాడు. తంజావూరి అరుంధతీయుడు గుడిలోకి పోలేడు గనుక, పోగలిగే గబ్బిలంతో శివుడికి కబురు పంపాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉన్న దేశంలో ఇంతకంటే గొప్ప సైన్స్ ఫిక్షన్ ఆలోచన ఇంకొకటి చూపించండి.

రీరిలీజ్ వారంలో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ పిల్లలతో ఒక సాయంత్రం ఇదే మాట్లాడాను. గ్రూప్-2కు, ఎస్సైకి చదువుకునే పిల్లలు, నల్లగొండ వైపు వాళ్ళు ఎక్కువ. (కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల పేర్లు చెబితే వీళ్ళకు 2013 ఫిబ్రవరి 21 పేలుళ్ళే గుర్తొస్తాయి, జీకే బిట్ కాబట్టి. మాకు ఆ హాళ్ళలో చూసిన సినిమాలు గుర్తొస్తాయి.) ఎవరెవరు ఏ కాలానికి పోతారని అడిగాను. ముగ్గురు రాయల కాలం అన్నారు. ఒకడు, మనవాడే, ఇంటిపేరు అడిగితే మాట మార్చే పిల్లవాడు, "నేను 2504కే పోతనన్నా" అన్నాడు.

"ఎందుకురా, అక్కడ రేడియేషన్ కదా?"

"రేడియేషన్ అందరికీ ఒక్కతీర్గ తగుల్తది గదన్నా."

నవ్వారు మిగతా పిల్లలు. వాడు నవ్వలేదు. నేను సాహెబ్‌నగర్ సంగతి చెప్పాను. మాలదాసరి కథ చెప్పాను. ఆముక్తమాల్యద తెలుగు సాహిత్యం సిలబస్‌లో చదివాడట, కవి పేరు, ఆశ్వాసాల లెక్క, వర్ణనల పేర్లు గడగడ చెప్పాడు. మాలదాసరి గుడి బయట నిలబడ్డాడన్న సంగతి ఏ సారూ ఆపి చెప్పలేదన్నాడు.

ఆదిత్య 999 మ్యాక్స్ అని రెండో భాగం తీస్తారని చాలా రోజులుగా వింటున్నాం. తీయనీయండి. పెద్ద బడ్జెట్ పెడతారు, గ్రాఫిక్స్ అదరగొడతారు, మనం కూడా టికెట్ కొంటాం. వాళ్ళను మాలదాసరిని పెట్టమని అడుక్కోవడానికి ఇది రాయడం లేదు. చూసేవాళ్ళను అడుగుతున్నాను. ఈసారి హాలు నుంచి బయటికొచ్చి "స్వర్ణయుగం" అనే ముందు, ఆ బంగారు వీధిని పొద్దున్నే ఊడ్చిందెవరని పక్కవాణ్ణి అడగండి. వాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. మనవాళ్ళలో రాసే చెయ్యి ఉన్నవాళ్ళను ఇంకోటి అడుగుతున్నాను: మెషీన్‌ను రాజుగారి కోటలో కాదు, వెలివాడలో దింపండి. ఒక పేజీ చాలు, రాసి పంపండి, ఇక్కడే పెడతాను.

ఆ 2504 పిల్లవాడు మొదలుపెట్టాడు. వాడి మెషీన్ కురుంగుడి గుడి బయట తెల్లవారుజామున దిగుతుంది. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, మాలదాసరి గుడికి ఎంత దూరంల నిలబడ్తడు? అడుగుల లెక్క కావాలె. మెషీన్ ఎక్కడ దింపాలో తెలుస్తలేదు."

వచ్చే ఆదివారం: కోచింగ్ సెంటర్ల ఫీజులు, ఆగిపోయిన స్కాలర్‌షిప్‌లు.

జై భీమ్.